పేరు అడగని ఊరు

అనగనగా, ఏటికి వంతెనలు లేవు, ఊళ్ళకు రోడ్లు లేవు, మనుషులకు నోళ్ళు మాత్రం ఇప్పుడున్నట్టే ఉన్నాయి. అలాంటి కాలంలో గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఊరంతా దూదేకులవాళ్ళే. తెల్లారితే ఇంటింటా దూది ఏకే విల్లు మోగేది. పరుపులు కుట్టేవాళ్ళు, దిండ్లు కుట్టేవాళ్ళు. జుట్టులో దూది, కనురెప్పల మీద దూది, ఆఖరికి కూరలో కూడా దూదే. పెళ్ళికి కొత్త పరుపు, చావుకు కొత్త దూది. శవానికి చుట్టే కఫన్‌ గుడ్డలో పెట్టే దూది ఊళ్ళో ఉన్నదాంట్లోకల్లా తెల్లగా ఉండాలని వాళ్ళ పట్టుదల.

మంచివాళ్ళే. కథ విన్నాక మీరెలాగూ వాళ్ళను తిడతారు, అందుకని ముందే చెబుతున్నాను. మంచివాళ్ళే.

ఒక ఎండాకాలం ఆ ఊరికి ఎగువ నుంచి ఒకామె వచ్చింది. వయసులో ఉన్న మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చేతిలో రాగి చెంబు, చంకలో మూట, అంతే ఆమె ఆస్తి. సరిగ్గా అప్పుడే, చనిపోయిన ఆడవాళ్ళకు ఆఖరి స్నానం చేయించే ముసలామె తానే చనిపోయింది. ఆమెకు స్నానం చేయించేదెవరు? ఒకరికి నడుం నొప్పి. ఒకరికి చంటిపిల్ల. ఒకరికి ఉత్త భయం.

"నేను చేస్తాను" అంది కొత్తామె.

చేసింది. ఆ పని ఇక ఆమెకే అంటగట్టారు. గోరీల దొడ్డి పక్కన ఒక గుడిసె వేసిచ్చారు.

ముసల్మానుల ధర్మంలో శవాన్ని కడిగితే మైల లేదు. పుణ్యం ఉంది. మొల్లా సాయిబు మసీదులో ఆ మాట చెప్పాడు కూడా. కానీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ మైల పట్టేవి, పక్కనే ఉన్నాక వీళ్ళకూ అంటుకుంది. మసీదులో మొల్లా మాటకు అందరూ తలలూపారు, ఇంటికొచ్చి ఎవరి చెంబు వాళ్ళు దూరంగా జరుపుకున్నారు. మొల్లా భార్యే మొదట జరిపింది.

ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు. పెళ్ళికి పిలవలేదు. పేరు అడగలేదు. "మైలామె" అన్నారు. మైలామెను పిలవండి అన్నారు. మైలామె వస్తోంది, పిల్లల్ని లోపలికి తీసుకోండి అన్నారు. అడిగితే పేరు చెప్పేదే. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు సైదమ్మ సంగతి. ఆ ఊరి పెద్ద ఖాసిం సాయిబు ఇంటికి కోడలామె. చలాకీ మనిషి, నోరు గల మనిషి. అత్త ఇమాంబీ చనిపోయిన రోజున, స్నానం చేయించేటప్పుడు దుప్పటి అడ్డం పట్టుకోవడానికి సైదమ్మను లోపలికి పంపారు. అప్పుడు చూసింది ఆ మైలామె పని చేసే తీరు.

"పేరేందమ్మా?" అని అడిగింది ఆమె.

"మా అత్తదా? ఇమాంబీ."

"ఆమె తల్లి పేరు?"

"మస్తానమ్మ అనుకుంటా."

"అనుకుంటే చాలదమ్మా. కనుక్కోని రా. గోరీలో పెట్టినాక మొల్లా తల్లి పేరుతో కలిపి పిలుస్తాడు. ఆ పిలుపు తప్పు పోగూడదు."

సైదమ్మ విసుక్కుంటూ బయటికెళ్ళి ముసలివాళ్ళను అడిగి వచ్చింది. "మౌలాబీ అంట" అంది.

ఆమె రాగి చెంబుతో నీళ్ళు ముంచింది. ఇమాంబీ చెవి దగ్గరికి వంగింది. "ఇమాంబీ, మౌలాబీ కూతురా, నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి. కుడిపక్కకి తిప్పుతన్నానమ్మా, భయపడబాక" అంది. మొదట మంచినీళ్ళు పోసింది. తర్వాత రేగాకు కాచిన నీళ్ళు పోసింది. ఆఖరున కర్పూరం కలిపిన నీళ్ళు పోసింది. ఒక్కో చెంబుకూ పేరు పెట్టి పిలిచింది, ఏం చేయబోతోందో చెప్పి చేసింది. తల తుడిచి మూడు పాయలుగా జడలల్లింది. అదే ఇమాంబీ బతికున్నన్నాళ్ళూ ఆమె కొంగులో అన్నం నడుమెత్తు నుంచి పడేసేది, చెయ్యి తగులుతుందని.

పని అయ్యాక చేతులు కడుక్కుంటూ ఆమె సైదమ్మ వైపు చూసింది.

"ఈ ఊళ్ళో నాకెవరూ లేరమ్మా. నా రోజున మొల్లా అడిగితే చెప్పేదానికి ఒకరన్నా ఉండాల. గుర్తు పెట్టుకుంటావా? నా పేరు ఇదీ, మా అమ్మ పేరు ఇదీ" అంటూ రెండు పేర్లూ చెప్పింది.

"ఊఁ" అంది సైదమ్మ.

ఊఁ అయితే అంది గానీ, అప్పుడామె బుర్రలో నడుస్తున్నది వేరు. వచ్చిన చుట్టాలకు ఎన్ని శేర్ల బియ్యం పొయ్యాలి? అత్త పెట్టె తాళంచెవి ఆడబిడ్డ చేతిలో పడకముందే ఎలా లాక్కోవాలి? ఆ రెండు పేర్లూ ఒక చెవిన పడి ఇంకో చెవిన పోయాయి. తాళంచెవి మాత్రం దొరికింది.

కొన్నేళ్ళకు సైదమ్మ కూతురు మీరాబీ పెళ్ళి. పందిరి వేశారు, ఊరంతా వచ్చింది. పందిరి బయట, ఎండలో, ఆమె నిలబడింది. చేతిలో చిన్న దిండు. తనే కుట్టింది, అంచుకు ఎర్రదారం వేసింది. లోపలికి రాలేదు. ఎవరైనా వచ్చి అందుకుంటారేమోనని చూస్తోంది. పందిట్లో ఎవరో గొణిగారు, "శవాల దూదేమో!" అది బూరుగు దూది. ఏటి ఒడ్డున కాయలు ఏరుకొచ్చి నింపింది. ఆ సంగతి కనుక్కునే ఓపిక ఎవరికుంది?

సైదమ్మ విసురుగా వెళ్ళింది. అందరూ వినేటట్టు అంది, "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే నీకేం పనే ఇక్కడ? నిన్నెవరు పిలిచారు? పో అవతలికి!"

ఆమె దిండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. సైదమ్మ పందిట్లోకొచ్చి నవ్వుతూ గంధం పూసింది అందరికీ.

మరుసటేడు గత్తర, అదే కలరా, వచ్చింది. మొదట పడమటి వీధిలో, తర్వాత ఇంటింటా. విల్లులు ఆగిపోయాయి. ఏకిన దూదంతా కఫన్‌లకే సరిపోయింది. తల్లిని ముట్టుకోవడానికి కూతురు భయపడింది, అక్కను ముట్టుకోవడానికి చెల్లెలు భయపడింది. ఆమె ఒక్కతే భయపడలేదు. ఇంటి తర్వాత ఇంటికి, చెంబుతో, రేగాకులతో. పిలవకముందే వచ్చేది. పేరు అడిగేది, తల్లి పేరు అడిగేది, పిలిచి మరీ నీళ్ళు పోసేది.

పుట్టింటికి వచ్చిన మీరాబీ కూడా ఆ గత్తరలోనే పోయింది.

చెంబుతో ఆమె వచ్చింది. మీరాబీ పేరు ఆమెకు తెలియక కాదు. అయినా అడిగింది, అది పద్ధతి.

"పేరేందమ్మా?"

"మీరాబీ" అంది సైదమ్మ.

"తల్లి పేరు?"

"సైదమ్మ. నేనే" అంది.

"మీరాబీ, సైదమ్మ కూతురా, నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి తల్లీ" అంది ఆమె. పెళ్ళికూతురికి అల్లినట్టు జడలల్లింది. ఎక్కడా చెయ్యి గట్టిగా పడలేదు. పందిట్లో పడ్డ మాట మొహంలో లేదు, చేతుల్లో లేదు.

దుప్పటి పట్టుకున్న సైదమ్మకు ఆ క్షణాన అడగాలనిపించింది, నీ పేరేంది తల్లీ అని. ఎలా అడగడం? గుర్తు పెట్టుకుంటానని ఊఁ అన్నాను కదా. పెళ్ళిలో పొమ్మన్నాను కదా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పేరడగను? రేపడుగుదాం అనుకుంది. రేపు వచ్చింది, నలభయ్యో రోజు అయ్యాక అడుగుదాం అనుకుంది. అదీ అయింది, రంజాన్ వెళ్ళాక అడుగుదాం అనుకుంది. ఎదురుపడితే సైదమ్మే తల దించుకుని పక్క సందులోకి తప్పుకునేది. చేసిన తప్పుకు ఒక సిగ్గు, అడగలేకపోయినందుకు ఇంకో సిగ్గు. ఏళ్ళు గడిచిపోయాయి. అడిగితే చెప్పేదే. అడగలేదు.

ఒక పొద్దున గోరీల దొడ్డి పక్క గుడిసెలో పొగ లేవలేదు. వెళ్ళి చూస్తే ఆమె చాప మీద పడుకున్నట్టే ఉంది. ప్రాణం లేదు.

ఆమెకు స్నానం చేయించేదెవరు? ఒకరికి నడుం నొప్పి. ఒకరికి చంటిపిల్ల. ఒకరికి ఉత్త భయం.

"నేను చేస్తాను" అంది సైదమ్మ.

ఊరు నోరెళ్ళబెట్టింది. సైదమ్మ పట్టించుకోలేదు. రేగాకు తెచ్చింది, నీళ్ళు కాచింది, రాగి చెంబుతో ముంచింది. చెవి దగ్గరికి వంగింది. నోరు తెరిచింది. ఏమని పిలవాలి? నోటి దాకా వచ్చిన మాట ఒక్కటే, మైలామె. ఇన్నేళ్ళుగా నోటికి అలవాటైన పేరు అదొక్కటే. ఆ మాటను ఆ చెవిలో ఎలా అనగలదు? చెంబు కింద పెట్టింది. ఆమె మీద దుప్పటి నిండుగా కప్పి, వీధిలోకి పరుగెత్తింది.

మొదట పీరమ్మ ఇంటికెళ్ళింది. గత్తరలో పీరమ్మ కోడళ్ళందరికీ నీళ్ళు పోసింది ఆమే. "పీరమ్మత్తా, ఆమె పేరేంది?" అని అడిగింది.

"మైలామేగా. ఇంకో పేరు కూడా ఉందా?" అంది పీరమ్మ. అన్నాక తన మాట తనకే వినపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత కఫన్ దూది ఇచ్చే దస్తగిరి ఇంటికెళ్ళింది. "నాకేం తెలుసు చెల్లే? దూది గోడ మీద పెట్టేవాణ్ణి, నేను లోపలికి పోయినాక వచ్చి తీసుకొనేది. మాటాడింది లేదు" అన్నాడు. ఎండలో నిలబడి ఆ గోడనే చూస్తూ ఉండిపోయాడు.

ఆఖరున మొల్లా సాయిబు దగ్గరికెళ్ళింది. "నేను మట్టిలో కలిపిన ఆడవాళ్ళందరి పేర్లూ నాకు చెప్పింది ఆమేనమ్మా. తల్లి పేర్లతో సహా చెప్పేది. ఒక్కటీ తప్పు పోలేదు" అన్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆమె పేరు మాత్రం అడగలేదు" అన్నాడు.

సైదమ్మ వెనక్కొచ్చింది. "అమ్మా, నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి" అని మాత్రం అనగలిగింది. పేరు లేకుండానే నీళ్ళు పోసింది, పేరు లేకుండానే జడలల్లింది. ఏడుస్తూ పోసింది. ఏడిస్తే మాత్రం ఏం లాభం?

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు గోరీల దొడ్డిలోకి వెళ్ళరు. సైదమ్మ గోడ బయట నిలబడి విన్నది. మట్టి వేశాక మొల్లా గోరీ దగ్గర కూర్చున్నాడు. తల్లి పేరు తెలియనివాళ్ళను మనుషులందరికీ మొదటి తల్లి హవ్వమ్మ బిడ్డలని పిలవమని పెద్దలు చెప్పారు. ఆ మాటే పట్టుకున్నాడు. "ఓ అల్లా దాసీ, హవ్వమ్మ కూతురా" అని పిలిచాడు. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇళ్ళకు పోయారు.

సైదమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారగానే ఏటి వెంట ఎగువకు నడిచింది. ఆమె అటు నుంచే వచ్చిందని తప్ప మరేమీ తెలియదు.

మొదటి ఊళ్ళో అడిగింది, "దిగువకు వచ్చిన ఒక ఆడమనిషి, మొగుడు లేడు, పిల్లల్లేరు, మీ ఊరి మనిషేనా?" అని. "పేరేంటి?" అన్నారు. "తెలీదు" అంది. వింతగా చూశారు.

రెండో ఊళ్ళోనూ అడిగింది. "పేరేంటి?" అన్నారు. "తెలీదు" అంది. "నీకేమవుతుంది?" అన్నారు. పేరు తెలియని మనిషిని వెతుక్కుంటూ తిరుగుతోందేంటీ పిచ్చిది అని నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది.

మూడో ఊళ్ళో రేవు దగ్గర ఒక చాకలామె అడిగింది, "పేరు తెలీకపోతే పోనీ, ఆమెకి ఇంకేదన్నా గుర్తుందా?" అని.

సైదమ్మ ఆలోచించింది. "నీళ్ళు పోసేటప్పుడు మాట్లాడుతుంది. నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి, కుడిపక్కకి తిప్పుతన్నానమ్మా, భయపడబాక అంటుంది" అంది.

"అది మా మంత్రసాని జైనాబీ మాట కదా! పుట్టిన పిల్లలకి నీళ్ళు పోస్తూ అట్టానే అంటది" అంది చాకలామె. ఇల్లు చూపించింది.

జైనాబీ ముసలిది. నడుం వంగిపోయింది, కళ్ళు మసకబారాయి. గడపలో అడుగుల చప్పుడు విని, "ఎవరమ్మా? నొప్పులెవరికి?" అంది.

సైదమ్మ గడప అవతలే నిలబడి, ఆ నీళ్ళ మాటతో సహా సంగతంతా చెప్పింది. జైనాబీ విన్నది. గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుంది.

"గోరీ కాడ ఏమని పిలిచారు?"

"పేరు తెలీక, హవ్వమ్మ కూతురా అని పిలిచారమ్మా."

"హవ్వమ్మ అందరికీ తల్లే. కాదనను" అంది జైనాబీ. "కానీ దాన్ని కన్నది నేను."

సైదమ్మ గడప మీద తల పెట్టి ఏడ్చింది.

"తాహిరా దాని పేరు" అంది ముసలామె. "అరబ్బీ మాట. పరిశుద్ధమైనది అని దానికి అర్థం. ఉత్తినే పెట్టింది కాదమ్మా. మన ప్రవక్త గారి ఇల్లాలు ఖదీజమ్మ బిరుదది. ఆయన ప్రవక్త కాకముందే, అల్లా ఒక్కడేననే కలిమా ఇంకా రాకముందే, మక్కా ఊరు ఊరంతా ఆమెను తాహిరా అని పిలిచేదంట. కన్నవాళ్ళు పెట్టింది కాదు, ఊరు పెట్టింది. ఆమె నడతను చూసి పెట్టింది. శుద్ధిగా ఉండేవాళ్ళంటే అల్లాకు ప్రేమని కురానులో ఉంది. అందుకని నా బిడ్డ చెవిలో ఆ పేరు మూడు సార్లు చెప్పాను. లోకంలోకి వచ్చేవాళ్ళను నేను కడిగాను. పోయేవాళ్ళను అది కడిగింది."

తల పైకెత్తింది.

"మీ ఊరు నా బిడ్డను ఏమని పిలిచేదమ్మా?"

అబద్ధం సైదమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మా అనేవాళ్ళం, అక్కా అనేవాళ్ళం అంటే ముసలి ప్రాణం కుదుటపడుతుంది. ఎవరు వెళ్ళి విచారిస్తారు? కానీ ఆ తల్లి కూతురికి ఈ ఊరు ఇచ్చినవన్నీ తప్పుడు మాటలే. ఇంకొకటి ఇవ్వడానికి నోరు రాలేదు.

"మైలామె అని పిలిచేవాళ్ళం" అంది. "ఊరంతా. అందరికన్నా గట్టిగా నేనే. నీ బిడ్డ నాకు తన పేరు చెప్పింది. నేను వినలేదు. నా కూతురి పెళ్ళి పందిట్లోంచి పొమ్మన్నాను. ఆ కూతురికి ఆఖరి నీళ్ళు పోసింది నీ బిడ్డే."

జైనాబీ తిట్టలేదు, శపించలేదు. తడుముకుంటూ లేచి, కుండలోంచి లోటాతో నీళ్ళు ముంచింది.

"లోపలికి రా. చాప మీద కూర్చో. ఎండన పడి వచ్చావు, నీళ్ళు తాగు" అంది. లోటా సైదమ్మ చేతికే ఇచ్చింది, వేళ్ళకు వేళ్ళు తగిలేలా.

చెంపదెబ్బ కొట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది సైదమ్మకు.

"నేను అంత దూరం నడవలేను" అంది జైనాబీ. "నువ్వు పో. ఏ నోళ్ళతో ఆ మాట అన్నారో ఆ నోళ్ళతోనే దాన్ని పిలవండి. నా పేరు కూడా కలిపి పిలవండి."

సైదమ్మ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంటికి వెళ్ళలేదు. గోరీల దొడ్డి గోడ దగ్గర నిలబడింది.

"తాహిరా! జైనాబీ కూతురా!" అని కేక పెట్టింది.

విల్లులు ఆగాయి. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరిని పిలుస్తోంది సైదమ్మ? ఆ పేరు గలవాళ్ళు ఊళ్ళో లేరే!

సైదమ్మ మళ్ళీ పిలిచింది. అప్పుడు పీరమ్మకు అర్థమైంది. వచ్చి గోడ పక్కన నిలబడింది. సైదమ్మ ఆ పేరుకు అర్థం చెప్పింది. పరిశుద్ధమైనది అని చెప్పింది. ఖదీజమ్మను మక్కా అలా పిలిచేదని చెప్పింది. శుక్రవారం శుక్రవారం శుభ్రత గురించి విని తలలూపిన ఊరు, పరిశుద్ధమైనదాన్ని పట్టుకుని మైల అన్నది. పిల్లల చేత కూడా అనిపించింది. ఇప్పుడు ఆ తలలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మూడోసారి సైదమ్మ ఒక్కతే పిలవలేదు. పీరమ్మ పిలిచింది, మొల్లా భార్య పిలిచింది, ఊళ్ళో ఆడవాళ్ళంతా పిలిచారు. గోరీల దొడ్డిలోకి వెళ్ళిన మొల్లా గొంతు కూడా లోపలి నుంచి కలిసింది.

ఆ తర్వాత ఆ రాగి చెంబు సైదమ్మ పట్టింది. బతికినన్నాళ్ళూ ఆ పనే చేసింది. మొదట్లో కొందరు ఆమెనూ దూరం పెట్టబోయారు గానీ, ఆ పాడు మాట ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరి నోటా రాలేదు. పలకబోయినా సగంలో మింగేవాళ్ళు. జైనాబీ మాత్రం ఆ ఊరికి ఎప్పుడూ రాలేదు. క్షమించానని కబురు పంపలేదు. పంపమని అడిగే ముఖం ఎవరికీ లేదు.

ఇవాళ్టికీ ఆ ఊళ్ళో పెళ్ళి జరిగితే మొదటి విస్తరి ఆఖరి స్నానం చేయించే ఆమెకే వేస్తారు. ఆమె తినందే పెళ్ళికూతురి తల్లి ముద్ద ముట్టదు. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే, కూలికి వచ్చినా, కోడలై వచ్చినా, దారి తప్పి వచ్చినా, ముందు నీళ్ళిచ్చి పేరడుగుతారు, తల్లి పేరడుగుతారు. అడిగి, మూడుసార్లు పైకి అని చూసుకుంటారు.

ఇక ఎవరైనా చనిపోతే ఆడవాళ్ళంతా ఆ గోడ దగ్గర చేరతారు. లోపల మొల్లా పోయినవాళ్ళ పేరు పిలవడానికి ముందు, తలల మీద కొంగులు లాక్కుని, నేల చూపులు చూస్తూ ఒక పిలుపు పిలుస్తారు. "తాహిరా, జైనాబీ కూతురా" అంటారు. అప్పుడే మొల్లా తన పిలుపు మొదలుపెడతాడు. చనిపోయింది వేరే మనిషి అయితే ఈ పేరెందుకు పిలుస్తున్నారని పరాయి ఊరివాళ్ళు అడుగుతుంటారు.

"ఆమె రోజున పిలవలేదు" అని చెబుతారు.